పిల్లలతో కలిసి ఊరిని తెలుసుకోవడం
భివండీలోని తెలుగు కుటుంబాలకు కొన్ని సూచనలు

భివండీలో పెరుగుతున్న తెలుగు పిల్లలకు సాధారణంగా రెండు ఊళ్లు ఉంటాయి. ఒకటి వేసవి సెలవులలో వెళ్లే ఊరు; మరొకటి సంవత్సరంలో మిగిలిన కాలమంతా ఉండే ఊరు. మొదటి ఊరిలో చెరువు కట్ట, పోచమ్మ గుడి, మేనమామ ఇంటికి పోయే దారి, అన్నీ వారికి పేరుపేరునా తెలుసు. రెండవ ఊరిలో ఇల్లు, బడి, తండ్రి పనిచేసే కార్ఖానా, సరుకులు తెచ్చే దుకాణం, ఈ నాలుగింటి నడుమ దారి తప్ప తెలిసింది తక్కువ.

ఇందులో తల్లిదండ్రుల తప్పేమీ లేదు. పన్నెండు గంటల పాళీలో మగ్గాల నడుమ నిలబడి ఇల్లు చేరినవారికి, కండెలు చుట్టి, వంట చేసి, పిల్లలను బడికి పంపేవారికి ఊరు చూసే తీరిక దొరకదు. వచ్చి ఇరవై ఏళ్లు గడిచినా తాము కూడా ఊరిని చూడనివారు అనేకులు. అయితే దీని ఫలితం మాత్రం పిల్లలపై పడుతుంది. తప్పిపోయిన పిల్ల తన ఇల్లు ఎక్కడో చెప్పలేకపోతుంది. పాఠ్యపుస్తకంలోని కోటలు, నదులు, గుహలు పరాయి దేశపువిగా తోస్తాయి. అన్నిటికంటె ముఖ్యంగా, ఇది సంపాదించుకొని పోవలసిన చోటే గాని తమది కాదనే భావం పసితనంలోనే నాటుకొంటుంది. నెలకు ఒక్క పూట కేటాయించగలిగితే ఈ స్థితి మారుతుంది. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏమి చూపాలి, ఏ జాగ్రత్తలు పాటించాలి అన్నది ఈ వ్యాసం విషయం.

మొదట చిరునామా

ఊరు చూడడం ఇంటి గడప నుంచే మొదలవుతుంది. అయిదేళ్లు నిండిన పిల్లకు తన పూర్తి పేరు, తల్లిదండ్రుల పేర్లు, పేట పేరు, దగ్గరి నాకా పేరు, ఒక ఫోను నంబరు కంఠస్థం కావాలి. "పద్మానగర్‌లో ఉంటాం" అంటే చాలదు. ఏ గుడి పక్కన, ఏ కార్ఖానా వెనుక, ఏ సందులో అన్నది కూడా చెప్పగలగాలి. బడి నుంచి ఇంటికి వచ్చే దారిలో పిల్లను ముందు నడవమని, పెద్దలు రెండడుగులు వెనుక నడిస్తే ఆ దారి ఎంతవరకు తెలిసిందో బోధపడుతుంది. మలుపు దగ్గర తడబడితే అక్కడ ఆగి ఒక గుర్తు చూపించాలి. దుకాణం బోర్డు రేపు మారవచ్చును. గుడి, మసీదు, చెరువు, వంతెన వంటి స్థిరమైన గుర్తులే మేలు.

తరువాత ఊరి నాలుగు మూలలు. ధామణకర్ నాకా, కల్యాణ్ నాకా, వంజారపట్టీ నాకా, అంజూర్ ఫాటా, ఎస్టీ బస్సుల స్టాండు: ఈ అయిదు పేర్లు తెలిసిన పిల్లకు భివండీలో దిక్కు తోచకపోవడం ఉండదు. ఏ నాకా నుంచి ఏ ఊరికి బండ్లు పోతాయో ఆటలాగా నేర్పవచ్చును. భివండీ చుట్టూ పెద్ద గోదాములు ఉన్నందున ఈ రోడ్లపై కంటెయినర్ లారీల రాకపోకలు ఎక్కువ. పిల్లను ఎల్లప్పుడు రోడ్డుకు ఎడంగా, గోడ వైపున నడిపించాలి. వెనక్కు మళ్లుతున్న లారీ వెనుక నిలబడరాదని, డ్రైవరుకు అక్కడ ఉన్నది కనబడదని చెప్పాలి.

మగ్గం దగ్గర

పిల్లలకు చూపవలసిన మొదటి వింత ఇంటికి దగ్గరలోనే ఉంది. అది తల్లిదండ్రుల పనే. నూలు ఎక్కడి నుంచి వస్తుంది, సైజింగులో గంజి ఎందుకు పడుతుంది, పడుగు పోగులు బీముకు ఎలా చుట్టుకొంటాయి, నాడె అటూ ఇటూ పరుగెత్తుతూ పేకను ఎలా అల్లుతుంది, దిగిన గ్రే గుడ్డ రంగు వేయడానికి ఎక్కడికి పోతుంది: ఇవన్నీ తండ్రి నోట విన్న పిల్లకు తాను వేసుకొన్న చొక్కా కూడా ఒక పాఠమే. యజమాని అనుమతితో ఒకసారి, వాకిట నిలబడి, చెవులు మూసుకొని, చేయి పట్టుకొని చూపితే చాలును. లోపలికి తీసుకుపోవడం, పనిలో చేయి వేయనివ్వడం కూడదు. ఎగిరిపడిన నాడె పెద్దలనే గాయపరుస్తుంది. పద్నాలుగేళ్లలోపు పిల్లలను పనిలో పెట్టడం 2016 చట్ట సవరణ తరువాత ఏ వృత్తిలోనైనా నేరమే.

ఈ మగ్గాల కథ కూడ చెప్పదగినదే. చేతిమగ్గాల ఊరైన భివండీకి కరెంటు రావడంతో 1930 దశకంలో మరమగ్గాలు మొదలయ్యాయి. బొంబాయి బట్టల మిల్లులలో 1982 జనవరి 18న మొదలైన సమ్మెలో రెండు లక్షలకు పైగా కార్మికులు పాల్గొన్నారు. ఆ మిల్లులలో చాలా మట్టుకు మళ్లీ పూర్వస్థితికి రాలేదు. అక్కడి నేతపని పెద్దయెత్తున భివండీ వంటి మరమగ్గాల ఊళ్లకు తరలింది. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల పద్మశాలీ కుటుంబాలు బొంబాయికి, షోలాపూర్‌కు, సూరత్‌కు, భివండీకి వచ్చింది ఈ నేతపని వెంటనే. సిరిసిల్లలో సాంచెలని పిలిచేవి ఈ మరమగ్గాలే. ఇక్కడ పని నేర్చి వెనక్కు వెళ్లినవారి అనుభవం అక్కడి సాంచెలకు కూడా తోడ్పడింది. తాత ఏ సంవత్సరంలో వచ్చాడు, మొదట ఎవరింట దిగాడు, మొదటి వారం కూలి ఎంత అని పిల్లచేత అడిగించి ఒక నోటుపుస్తకంలో రాయించడం మంచిది. ఈ ఊరి చరిత్రలో ఆ పుట ఇంకెవరూ రాయరు.

ఇరుగుపొరుగు వీధులు

భివండీని నిలబెట్టినది తెలుగువారు ఒక్కరే కాదు. ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన మోమిన్, అన్సారీ నేతగాళ్లు, ఇక్కడే తరతరాలుగా ఉన్న కొంకణీ ముస్లిములు, చుట్టుపక్కల గ్రామాల ఆగ్రీలు, మరాఠీ, గుజరాతీ, మార్వాడీ కుటుంబాలు, అందరి చేతులూ ఈ బట్టలో ఉన్నాయి. అయినా ఒక పేట పిల్ల మరొక పేటలో అడుగుపెట్టకుండానే పెరిగి పెద్దదవుతున్నది.

ఈ భయానికి కారణం లేకపోలేదు. 1970లోను, 1984లోను ఈ ఊరు మత కల్లోలాలను చవిచూసింది. ఆ తరువాతి కథ మాత్రం తక్కువమందికి తెలుసు. 1988లో ఇక్కడ పోలీసు అధికారిగా ఉన్న సురేశ్ ఖోపడే ప్రతి పేటలోను హిందువులు, ముస్లిములు కలిసి కూర్చునే మొహల్లా కమిటీలను ఏర్పరచారు. పుకారు పుట్టినప్పుడు ఒకరినొకరు అడిగి తెలుసుకొనే అలవాటు దానివల్ల కలిగింది. 1992-93లో పక్కనే ముంబయి మండుతున్నప్పుడు భివండీ ప్రశాంతంగా ఉండగలిగింది. పిల్లకు ఈ రెండు సంగతులూ చెప్పాలి. మొదటిది మాత్రమే చెప్పి ఊరుకోరాదు. రంజాను సాయంత్రం బజారు చూపించడం, బతుకమ్మకు పొరుగువారిని పిలవడం, బడిలో స్నేహితురాలి ఇంటికి తల్లి తోడుగా వెళ్లడం ఇందుకు సులువైన దారులు.

వరాలాదేవి చెరువు

సాయంత్రం గంట సమయం మాత్రమే ఉన్నవారికి కామత్‌ఘర్‌లోని వరాలాదేవి చెరువు తగినది. కట్టపై అమ్మవారి గుడి ఉంది. వినాయక నిమజ్జనం నాడు ఊరంతా అక్కడ కనిపిస్తుంది. చెరువు కట్ట తెలంగాణ పిల్లకు కొత్త కాదు. బతుకమ్మను సాగనంపేది నీటి వద్దనే కదా.

ఇది కేవలం విహారస్థలం కాదు, తాగునీటి చెరువు. ఊరికి వచ్చే నీటిలో కొంత భాగం ఈ చెరువుది. మిగిలినది పైపుల ద్వారా బయటి నుంచి వస్తుంది. "మన కుళాయి నీరు ఎక్కడిది?" అన్న ప్రశ్నతో మొదలుపెడితే ఒక పూట పాఠం సిద్ధమవుతుంది. తాలూకాలో పొలాల మీదుగా పోయే పెద్ద పైపులు ముంబయికి తాన్సా, వైతరణ, భాత్సా జలాశయాల నీటిని మోసుకుపోతున్నాయి. తాన్సా ఆనకట్ట 1892 నాటిది. మహానగరం తాగే నీరు తమ ఊరి పక్కనుంచే పోతుందని తెలిసిన పిల్ల చెరువులో ప్లాస్టిక్ సంచి పారవేయడానికి వెనుకాడుతుంది. పూజాద్రవ్యాలను కూడా నగరపాలక సంస్థ ఉంచిన తొట్లలోనే వేయాలని అక్కడే చెప్పవచ్చును. నీటి అంచు వద్ద పిల్లను ఒంటరిగా వదలరాదు.

అరపూటకు, పూటకు

కల్యాణ్ ఇక్కడికి సుమారు పది కిలోమీటర్లు. ఊరి ప్రవేశంలోనే ఖాడీ ఒడ్డున దుర్గాడీ కోట ఉంది. శివాజీ 1657లో కల్యాణ్, భివండీలను గెలుచుకొని ఈ తీరాన ఓడల నిర్మాణానికి పూనుకొన్నాడు. నాలుగవ తరగతిలో శివాజీ చరిత్ర చదివే పిల్లకు ఆ పుస్తకంలో తమ ఊరి పేరు ఉండడమే ఒక గర్వం. కోట గోడలు తక్కువే మిగిలినా, ఖాడీపై పడవలు చూస్తూ రేవు అంటే ఏమిటో చెప్పడానికి అది మంచి చోటు.

తాలూకాలోనే లోనాడ్ గ్రామం వైపు కొండపై బౌద్ధ గుహ, శిలాహారుల కాలపు శివాలయ శిథిలాలు ఉన్నాయి. అదే శిలాహారుల శిల్పకళను చూడాలంటే అంబర్‌నాథ్ శివాలయానికి వెళ్లాలి. అక్కడి శాసనం 1060 నాటిది. రామప్ప, వేయిస్తంభాల గుడి చూసిన పిల్లలకు, అవి కట్టడానికి నూరేళ్ల ముందే ఇక్కడ ఈ గుడి ఉన్నదని చెబితే పోల్చి చూస్తారు.

ఉత్తరాన తాన్సా నది ఒడ్డున వజ్రేశ్వరి, అక్లోలీ, గణేశ్‌పురి వేడినీటి ఊటలకు ప్రసిద్ధి. వసయీ కోటను 1739లో పోర్చుగీసువారి నుంచి గెలిచిన చిమాజీ అప్పా మొక్కు తీర్చుకోవడానికి వజ్రేశ్వరి గుడి కట్టించాడు. ఊటనీరు వేడిగా ఎందుకుంటుందని పిల్లలు తప్పక అడుగుతారు. వాననీరు రాతి పగుళ్లగుండా చాలా లోతుకు దిగి, భూమి లోపలి వేడికి కాగి, మరొక పగులుగుండా పైకి ఉబికి వస్తుంది. గంధకపు వాసన దానితో కరిగివచ్చిన ఖనిజాలది. ఒక్కొక్క కుండంలో వేడి ఒక్కొక్క తీరున ఉంటుంది. పెద్దలు ముందు చేయిపెట్టి చూసిన తరువాతనే పిల్లలను దింపాలి.

ముంబయి: ఒక రోజుకు ఒక చోటు

ముంబయిని ఒక్కరోజులో చూపాలనుకోవడం వల్ల పిల్లలు అలసిపోతారు, పెద్దలు విసిగిపోతారు. ఒక రోజుకు ఒక చోటు చాలును. థానే స్టేషనులో రైలెక్కేటప్పుడే పాఠం మొదలవుతుంది. 1853 ఏప్రిల్ 16న బోరీబందర్ నుంచి థానే వరకు 34 కిలోమీటర్లు నడిచినదే ఈ దేశపు మొదటి ప్రయాణికుల రైలు. ఆ దారి మీదనే నేటి లోకల్ బండ్లు నడుస్తున్నాయి. దారి చివర ఉన్న ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్ భవనాన్ని 1878లో మొదలుపెట్టి పదేళ్లు కట్టారు. 2004 నుంచి అది ప్రపంచ వారసత్వ కట్టడం. నగర నిర్మాణంలో రాళ్లు మోసిన కూలీలలో కామాటీలని పిలిచిన తెలుగువారు ఎందరో ఉన్నారు. కామాఠీపురా పేటకు ఆ పేరు వారి వల్లనే వచ్చింది. ఈ మాట చెవిన పడితే పిల్లకు ఆ గోడలు వేరుగా కనిపిస్తాయి.

వర్లీలోని నెహ్రూ విజ్ఞాన కేంద్రం 1985లో ప్రారంభమైంది. అక్కడ వస్తువులను ముట్టి, తిప్పి, నొక్కి చూడవచ్చు గనుక "ముట్టుకోవద్దు" అన్న మాట రోజంతా అనవలసిన పని ఉండదు. భాయఖళాలోని జిజామాత ఉద్యానంలో జంతువులను, పెంగ్విన్ పక్షులను చూడవచ్చును. దానికి బుధవారం సెలవు.

బోరీవలీ వద్ద సంజయ్ గాంధీ జాతీయ వనంలోని కాన్హేరీ గుహలు తెలుగు కుటుంబాలు ప్రత్యేకంగా చూడదగినవి. నల్లరాతి కొండలో నూరుకు పైగా గుహలు తొలిచారు. అక్కడి శాసనాలలో కల్యాణ్ వర్తకుల దానాలు ఉన్నాయి. శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి పేరు ఉంది. అదే రాజు శాసనం ఆంధ్రలోని చినగంజాంలో దొరికింది. అదే వంశపు తొలినాటి నాణేలు గోదావరి ఒడ్డున కోటిలింగాలలో దొరికాయి. అంటే రెండువేల ఏళ్ల క్రితమే గోదావరి తీరానికీ, ఈ పడమటి కొండలకూ ఒకే ఏలుబడి, ఒకే వర్తక మార్గం ఉండేవి. పిల్ల వచ్చిన దారి కొత్తది కాదు. వనానికి సోమవారం సెలవు. నీళ్లు, తిండి వెంట తీసుకుపోవాలి. సంచిలోని తిండి కోతులకు కనబడకుండా చూసుకోవాలి.

ప్రయాణపు లెక్కలు

రైలులో అయిదేళ్లలోపు పిల్లలకు టికెట్టు లేదు. అయిదు నుంచి పన్నెండేళ్లలోపు వారికి లోకల్ బండిలో అర టికెట్టు. రాష్ట్ర రవాణా సంస్థ ఎస్టీ బస్సులలో 2023 మార్చి నుంచి స్త్రీలకు సగం చార్జీ మాత్రమే. 75 ఏళ్లు దాటినవారికి 2022 ఆగస్టు నుంచి ఉచితం. వయసు తెలిపే గుర్తింపు కార్డు దగ్గర ఉండాలి. కనుక నాయనమ్మను, తాతయ్యను వెంట తీసుకుపోవడానికి ఖర్చు అడ్డు కాదు. ఆదివారాలలో లోకల్ మార్గాలపై మరమ్మతుల కోసం మెగాబ్లాకు ఉండడం మామూలే. ముందురోజు తెలుసుకొని బయలుదేరాలి. భివండీ రోడ్ స్టేషను వసయీ-దివా మార్గంలో ఉంది. బండ్లు తక్కువ గనుక వేళలు చూసుకోకుండా వెళ్లరాదు.

జూన్ నుంచి సెప్టెంబరు వరకు దూరపు ప్రయాణాలు మానడం మేలు. కామ్‌వారీ నది పొంగినప్పుడు పల్లపు వీధులలో నీరు నిలుస్తుంది. నీటి కింద మూతలేని గుంట ఉండవచ్చును. అట్టి నీటిలో పిల్లలను నడిపించరాదు. వానకు తడవకుండా పాతబడ్డ భవనాల కింద నిలబడడం కూడా ప్రమాదమే. 2020 సెప్టెంబరు 21 తెల్లవారుజామున పటేల్ కాంపౌండులో మూడంతస్తుల భవనం కూలి దాదాపు నలభై మంది మరణించారు; వారిలో పసిపిల్లలు ఉన్నారు. ప్రమాదకరమని నోటీసు అంటించిన గోడల దగ్గర పిల్లలను ఆడుకోనివ్వరాదు.

తప్పిపోతే

ఇంటినుంచి బయలుదేరే ముందే పిల్లతో ఒక ఒప్పందం చేసుకోవాలి: విడిపోతే వెతుక్కుంటూ తిరగకుండా ఉన్నచోటనే నిలబడాలి, పెద్దలే వెనక్కు వస్తారు. రైలులో ఎక్కలేకపోతే ప్లాట్‌ఫారం వదలరాదు. ఎక్కి విడిపోతే తరువాతి స్టేషనులో దిగి నిలబడాలి. ఫోను నంబరును సంచి లోపలి వైపున రాయాలి. పేరును బయటికి కనబడేలా రాస్తే అపరిచితులు పేరుతో పిలిచే వీలు కలుగుతుంది.

సహాయం అడగడానికి మరాఠీలో ఒక్క వాక్యం వస్తే చాలు. అబ్బాయి అయితే "మీ హరవలో ఆహే", అమ్మాయి అయితే "మీ హరవలే ఆహే" అనాలి. తప్పిపోయానని అర్థం. పోలీసుకు, టికెట్టు కిటికీలోని ఉద్యోగికి, పిల్లలతో ఉన్న తల్లికి ఈ మాట చెప్పాలని నేర్పాలి. పిల్లల సహాయానికి 1098, పోలీసుకు 112, రైల్వేకు 139. ఈ మూడు నంబర్లూ రోజంతా పనిచేస్తాయి.

భాష

మరాఠీ తెలుగు పిల్లకు కష్టమైన భాష కాదు. "శాళా" అంటే బడి. అందులోని ళ మనదే. "చమచా" అనేటప్పుడు మరాఠీవారు పలికే చ, తెలుగులో చాప, చుక్క అనేటప్పుడు పలికే చ వంటిదే. హిందీ మాత్రమే తెలిసినవారికి ఆ ధ్వని తడబాటు. తెలుగు నోటికి సహజం. బస్సు బోర్డులపై దేవనాగరి అంకెలు ఉంటాయి గనుక మొదట అంకెలు, తరువాత నాకాల పేర్లు చదవడం నేర్పాలి. "బస్ కుఠే థాంబతే?" అని అడిగితే బస్సు ఎక్కడ ఆగుతుందో ఎవరైనా చెబుతారు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. భాష త్వరగా పట్టుబడిన పిల్లలు ఇంటికి దుబాసీలవుతారు. దవాఖానాలో, బ్యాంకులో, వార్డు కార్యాలయంలో తల్లి మాటను తొమ్మిదేళ్ల పిల్ల చెప్పవలసి వస్తుంది. చిన్న పనులకు అది నేర్పే. కాని తల్లి అనారోగ్యం, ఇంటి అప్పు, పోలీసు ఫిర్యాదు వంటివి పిల్ల నోట చెప్పించరాదు. ఆ భారం ఆ వయసుది కాదు. పిల్లతో కలిసి తల్లిదండ్రులు కూడా పది వాక్యాలు నేర్చుకోవడమే దీనికి మందు. ఊరు తిరిగే రోజున టికెట్టు పిల్ల అడగాలి, దారి తల్లి అడగాలి, భోజనం ధర తండ్రి అడగాలి.

కొత్తగా వచ్చినవారికి

సంవత్సరం మధ్యలో వచ్చామని పిల్లను ఇంట ఉంచనక్కరలేదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలను వయసుకు తగిన తరగతిలో ఎప్పుడైనా చేర్చుకోవాలి. వయసు పత్రం లేదనే కారణంతో చేర్పు నిరాకరించరాదు. బదిలీ పత్రం ఆలస్యమైందని కూడా కాదనరాదు. బడిలో చేరిన మొదటి నెలలోనే పిల్లకు ఊరు తెలియడం ఎక్కువగా జరుగుతుంది. తోటిపిల్లలే అందుకు గురువులు.

నెలకు ఒక చోటు చొప్పున ఏడాదిలో పన్నెండు చోట్లు. చూసివచ్చిన రాత్రి పిల్ల నోటుపుస్తకంలో నాలుగు వాక్యాలు తెలుగులో, నాలుగు మరాఠీలో రాయాలి. తేదీ, బస్సు ఖర్చు, కొత్తగా నేర్చిన ఒక మాట అందులో ఉండాలి. వచ్చే వేసవిలో తాతగారి ఊరికి వెళ్లేటప్పుడు ఆ పుస్తకాన్ని పెట్టెలో పెట్టాలి. అక్కడి పిల్లలు "మీ ఊళ్లో ఏముంది?" అని అడిగినప్పుడు చదివి వినిపించడానికి అది చాలును.